ప్రతి చేతికీ బంతి: ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో విసరడం, పట్టడం నేర్పడంపై సమీక్ష

2023 అక్టోబర్ 16న ముంబయిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 141వ సమావేశం 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లోకి ఐదు ఆటలను చేర్చింది. మన దగ్గర మాట్లాడుకున్నదంతా క్రికెట్ గురించే. అదే తీర్మానంతో ఫ్లాగ్ ఫుట్‌బాల్ కూడా ఒలింపిక్ ఆట అయింది. పురుషులకు ఆరు జట్లు, మహిళలకూ ఆరు జట్లు, జట్టుకు పది మంది. బంతిని గురిగా విసరడం, పరిగెడుతూ అందుకోవడం ఈ ఆటకు రెండు కాళ్లు. ఆ రెండింటినీ బడిపిల్లలకు ఎలా నేర్పాలన్న ప్రశ్నపై దాదాపు తొంభై ఏళ్లుగా వాదం నడుస్తోంది. ముందు భంగిమ నేర్పాలా, ముందు ఆట ఆడించాలా? ఎంత పెద్ద బంతి ఇవ్వాలి? ఎన్నిసార్లు సరిదిద్దాలి? అమ్మాయిలు వెనకబడటానికి కారణం శరీరమా, అవకాశమా? ఒక్కో ప్రశ్నకు రెండు మూడు సమాధానాలున్నాయి. అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయాయి.

ఆ చిక్కుముడిని ఒక మారుమూల మండలాన్ని ఎదురుగా పెట్టుకుని విప్పిచూడటం ఈ వ్యాసం ఉద్దేశం. కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్‌లోని మద్నూర్ తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక కలిసే మూల. సంగారెడ్డి నుంచి నాందేడ్ వెళ్లే 161వ జాతీయ రహదారి దీని మీదుగానే పోతుంది. సరిహద్దు దాటితే మహారాష్ట్రలోని దెగ్లూర్. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ వినిపించే ఈ ప్రాంతంలో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఇంకా పరిచయం కావలసిన ఆటే. అందుకే ఇక్కడి నుంచి చూడటం మేలు. పరిశోధనల్లో చాలావరకు మంచి మైదానాలు, చాలినన్ని బంతులు ఉన్న బడుల్లో జరిగాయి. ఆ నిర్ధారణలు నల్లరేగడి నేలల్లో, ఒక్క బంతికి నలభై మంది పిల్లలున్న చోట ఎంతవరకు నిలుస్తాయన్నది అసలు పరీక్ష.

ఆట ఏమి కోరుతుంది

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక శిబిరాల్లో, సైనికులు దెబ్బలు తగలకుండా ఆడుకోవడానికి ఈ ఆట రూపుదిద్దుకుందని చెబుతారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్రత్యర్థిని పడగొట్టి ఆపుతారు. ఇక్కడ అతని నడుముకు వేలాడే పట్టీని లాగితే చాలు. ఒలింపిక్ పద్ధతిలో వైపుకు ఐదుగురు. మైదానం 50 గజాల పొడవు, 25 గజాల వెడల్పు, రెండు చివరలా పదేసి గజాల ఎండ్ జోన్, అంటే పాయింట్ల కోసం బంతిని చేర్చాల్సిన చోటు. నాలుగు ప్రయత్నాల్లో మధ్యగీత దాటాలి. దాటితే మరో నాలుగు ప్రయత్నాల్లో పాయింట్లు సాధించాలి. ప్రతి ప్రయత్నంలో మొదట బంతి అందుకునే క్వార్టర్‌బ్యాక్ దానితో తానే పరిగెత్తి ప్రయత్నం మొదలైన గీత దాటకూడదు. కాబట్టి కొద్ది సెకన్లలోనే ఎవరికో ఒకరికి విసరాలి. జట్టులో ఎవరైనా ఆ బంతిని అందుకోవచ్చు. విసరడం, పట్టడం రాని పిల్లలకు ఈ ఆటలో చేయగలిగేది పరుగే.

బంతి కూడా ప్రత్యేకమైనది. రెండు కొసలు మొన తేలిన పెద్దల బంతి బరువు దాదాపు 400 గ్రాములు. క్రికెట్ బంతి 160 గ్రాములకు అటూ ఇటూ, టెన్నిస్ బంతి 60 గ్రాముల లోపు. కోల బంతి గాలిలో నిలకడగా పోవాలంటే తన పొడవు చుట్టూ తాను గిర్రున తిరగాలి. ఆ తిరుగుడునే స్పైరల్ అంటారు. వేళ్లను బంతి మీది కుట్లపై ఆనించడం, బంతిని చెవి దాకా ఎత్తడం, విసిరే చేతికి ఎదురువైపు కాలు ముందుకు వేయడం, నడుము తిప్పడం, మోచేయి ముందుండగా చేయి విసరడం, చివరికి వేళ్లు బంతిని ఒరుసుకుంటూ వదలడం అన్నీ వరుసగా కుదిరితేనే స్పైరల్ వస్తుంది. పిల్లల చేతులకు సరిపోయేలా పీవీ, జూనియర్, యూత్ అనే చిన్న పరిమాణాల బంతులు వచ్చాయి.

ఈ ఆటకు పెద్దన్న అయిన అమెరికన్ ఫుట్‌బాల్‌కు తెలుగునాట చిన్న చరిత్ర ఉంది. 2012లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో హైదరాబాద్ స్కైకింగ్స్ పేరుతో ఒక జట్టు ఆడింది. ఆ లీగ్ నిలదొక్కుకోలేదు. శిరస్త్రాణాలు, భుజ కవచాలు కావలసిన ఆట బడులకు దిగిరావడం కష్టం. కవచాలు అక్కర్లేని ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కు ఆ అడ్డు లేదు. నడుముకు దోపుకునే రెండు గుడ్డ పీలికలు, ఒక బంతి ఉంటే ఆట మొదలవుతుంది.

ఊళ్లో ముందే ఉన్న విద్య

విసరడం, పట్టడం ఇక్కడి పిల్లలకు కొత్త కాదు. ఏడు పెంకులాటలో దూరం నుంచి గురి చూసి పెంకుల దొంతర పడగొట్టాలి. కదిలే మనిషికి బంతి తగిలేలా కొట్టాలి. సరిహద్దుకు అవతల మరాఠీ, కన్నడ పిల్లలు దాన్నే లగోరి అంటారు. చిర్రగోనెలో గాలిలోకి లేచిన చిర్రను అందుకుంటే ఆడేవాడు అవుటు. చేనుకాడ పిట్టలను తోలే వడిసెల నడుము, భుజం, మణికట్టు వరుసగా కదిలే విసురుకు పాత రూపం. అచ్చనగండ్లలో ఒక గండును పైకి ఎగరేసి, అది కిందికి వచ్చేలోపు నేల మీది గండ్లను ఏరుకుని, మళ్లీ దాన్ని పట్టాలి. చూపు, వేళ్లు, సమయం మూడూ కుదరాల్సిన ఆ ఆట ఎక్కువగా ఆడపిల్లలదే.

బడుల్లో త్రోబాల్, హ్యాండ్‌బాల్, క్రికెట్ కూడా ఉన్నాయి. అలాంటప్పుడు కొత్త ఆట ఎందుకని అడిగేవారి వాదనలో బలముంది. ఉన్న ఆటలకే బంతులు చాలనప్పుడు ఇంకో ఆట తేవడం ఉన్నదాన్ని పలచన చేస్తుందని వారి భయం. దీనికి ఎదురు వాదం ఆటల మధ్య నైపుణ్యం బదిలీ అవుతుందన్నది. ఐర్లాండ్‌లో ఒకీఫ్, హారిసన్, స్మిత్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, భుజం మీదుగా విసరడం అనే మూల నైపుణ్యాన్ని సాధన చేసిన విద్యార్థులు బ్యాడ్మింటన్ షాట్‌లోనూ, జావెలిన్‌లోనూ మెరుగయ్యారు. విసరడం ఒక్కసారి బాగా వస్తే దాని లాభం ఒక ఆటకే పరిమితం కాదు. ఈ కోణంలో ఫ్లాగ్ ఫుట్‌బాల్ పాఠం ఏ ఒక్క ఆటకూ పోటీ కాదు, అన్నింటికీ పనికొచ్చే పునాది. అయితే కోల బంతి స్పైరల్ గుండ్రటి బంతికి ఎంత బదిలీ అవుతుందన్నది వేరే ప్రశ్న. దానికి ఇంకా గట్టి సమాధానం లేదు.

వాదం నడిచిన దారి

1938లో పరిశోధకురాలు మోనికా వైల్డ్ పిల్లలు విసిరే తీరును చిత్రాలు తీసి పరిశీలించి నాలుగు మెట్లుగా విభజించారు. రెండు మూడేళ్ల పిల్లలు నిలబడ్డచోటే చేతిని ముందుకు వెనక్కు ఆడిస్తారు. తర్వాత మొండెం తిరుగుతుంది. ఐదారేళ్లకు విసిరే చేతివైపు కాలే ముందుకు పడుతుంది. ఆరున్నర దాటాక ఎదుటి కాలు ముందుకు వస్తుంది. విసరడం వయసుతో పాటు దానంతటదే పండుతుందన్న నమ్మకానికి ఈ వర్ణన చాలాకాలం ఆధారమైంది.

1970లలో మేరీ ఆన్ రాబర్టన్ ఆ చిత్రాన్ని సవరించారు. శరీరమంతా ఒకేసారి మెట్టు ఎక్కదని, అడుగు ఒక స్థాయిలో, మొండెం ఇంకో స్థాయిలో, ముంజేయి మరో స్థాయిలో ఉండవచ్చని చూపించారు. ఒకే తరగతిలో ఒకే వయసు పిల్లలు ఇంత వేర్వేరుగా ఎందుకు విసురుతారో దీనితో అర్థమైంది. 1980లో వెర్న్ సీఫెల్ట్ మరో హెచ్చరిక చేశారు. విసరడం, పట్టడం, తన్నడం లాంటి మూల నైపుణ్యాలు బాల్యంలో ఒక హద్దు దాటకపోతే, తర్వాత ఆటలు నేర్చుకోవడానికి అదే గోడలా అడ్డం నిలుస్తుందన్నారు. డేవిడ్ గల్లాహ్యూ పుస్తకాలు ఈ ఆలోచనను వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణలోకి తెచ్చాయి. 1985లో డేల్ అల్‌రిక్ రూపొందించిన పరీక్ష పిల్లల విసురును, పట్టును మార్కులతో కొలిచే సాధనం ఇచ్చింది.

మరోవైపు నేర్చుకోవడం మీద చర్చ సాగింది. 1975లో రిచర్డ్ ష్మిట్ ప్రతిపాదించిన స్కీమా సిద్ధాంతం ప్రకారం మనసులో నిలిచేది ఒక్కో విసురు కాదు, విసుర్లన్నింటి వెనకున్న సూత్రం. కాబట్టి రకరకాలుగా సాధన చేయాలి. 1978లో కెర్, బూత్‌ల ప్రయోగం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఒక బృందం మూడడుగుల దూరంలోని గురికే గింజల సంచి విసిరి సాధన చేసింది. మరో బృందం రెండు, నాలుగు అడుగుల దూరాల్లో సాధన చేసింది, మూడడుగుల దూరం ముట్టలేదు. చివరి పరీక్ష మూడడుగుల దూరంలో పెడితే రెండో బృందమే మెరుగ్గా గురి కొట్టింది. మరుసటి ఏడు షియా, మోర్గాన్ పెద్దలపై చేసిన ప్రయోగంలో, పనులను కలగలిపి సాధన చేస్తే సాధన సమయంలో తడబాటు ఎక్కువైనా తర్వాత జ్ఞాపకం గట్టిగా నిలిచింది.

1982లో ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో డేవిడ్ బంకర్, రాడ్ థోర్ప్ ఆటతోనే ఆట నేర్పే పద్ధతిని ప్రతిపాదించారు. 1986లో కార్ల్ న్యూవెల్ కదలికను పిల్లవాడు, పని, పరిసరం అనే మూడు హద్దులు కలిసి మలుస్తాయన్నారు. ఇప్పటి వాదంలోని పక్షాలన్నీ ఈ మూలాల నుంచే పుట్టాయి.

మూడు పక్షాలు

*మెళకువ ముందు.* ఈ పక్షం ప్రకారం పట్టు, అడుగు, నడుము తిప్పడం, చేయి వదలడం విడివిడిగా నేర్పి తర్వాత కలపాలి. మొదట తప్పు అలవాటైతే తర్వాత మాన్పించడం కష్టమని వీరి వాదన. కోల బంతి విషయంలో వీరి మాటకు బరువుంది. గుండ్రటి బంతిని ఎలా విసిరినా ఎంతో కొంత దూరం పోతుంది. కోల బంతిని తప్పుగా వదిలితే అది గాలిలో ఊగి, పట్టేవారి వేళ్లకు మొన తగిలేలా దిగుతుంది. కొన్ని నిమిషాల సూచన లేకుండా పిల్లలు స్పైరల్‌ను తమంత తాము కనుగొంటారని ఆశించలేం. ఈ పద్ధతి బలహీనత వరుసలు. వరుసలో నిలబడ్డ పిల్లవాడు చూస్తాడు, విసరడు. భంగిమ బాగుండీ ఎప్పుడు, ఎవరికి విసరాలో తెలియని పిల్లలు తయారయ్యే ప్రమాదం ఉంది.

*ఆట ముందు.* రెండో పక్షం చిన్న ఆటలతో మొదలుపెడుతుంది. ముగ్గురు విసిరేవారు, ఒక్కరు అడ్డుకునేవారు. చిన్న గీతలు, చిన్న నియమాలు. అవసరం పడ్డప్పుడే మెళకువ. పిల్లలకు ఉత్సాహం ఎక్కువ, నిర్ణయాలు తీసుకోవడం అలవాటవుతుంది. ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో విసురు ఎప్పుడూ పరిగెత్తే మనిషికే కాబట్టి, నిలబడ్డవారికి విసరడం మాత్రమే నేర్చుకున్న చేయి ఆటలో తడబడుతుందని వీరి వాదన. దీని బలహీనత బలవంతుల పెత్తనం. గదమాయించే పిల్లలు, ముందే క్రికెట్ ఆడినవారు బంతిని తమ దగ్గరే ఉంచుకుంటారు. మిగిలినవారు మైదానంలో ఉండి కూడా ఆటలో ఉండరు.

*ఏర్పాటు ముందు.* న్యూవెల్ ఆలోచన నుంచి వచ్చిన మూడో పక్షం మాటలు తగ్గించి పరిసరాన్ని మారుస్తుంది. దూరం పెంచితే చేయి దానంతటదే వెనక్కు వెళుతుంది, అడుగు పడుతుంది. రెండు గుంజల మధ్య తాడు కట్టి దాని మీదుగా విసరమంటే విసురు పైకి లేస్తుంది. బంతి మెత్తబడితే పట్టేవారి భయం తగ్గుతుంది. గాబ్రియేల్ వుల్ఫ్ 1998 నుంచి చేస్తున్న పరిశోధనలు దీనికి తోడు నిలిచాయి. సొంత ఒంటి మీద కంటే కదలిక ఫలితం మీద దృష్టి పెడితే పెద్దలు మెరుగ్గా నేర్చుకుంటారని అవి చూపించాయి. "మోచేయి ఎత్తు" అనడం కంటే "బంతి ఆ గోడమీది గుర్తుకు తగలాలి" అనడం మేలన్నమాట. పిల్లల్లో మాత్రం ఈ ఫలితాలు ఒకేలా రాలేదు. పైగా ఈ పద్ధతి నడవాలంటే ఎప్పుడు ఏమి మార్చాలో గుర్తుపట్టే అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడు కావాలి.

పోల్చి చూస్తే:

- మొదటి వారంలో, కోల బంతి పట్టు, వదలడం నేర్పడంలో: మెళకువ పక్షానిది పైచేయి.
- ఎవరికి, ఎప్పుడు విసరాలో తేల్చుకోవడంలో: ఆట పక్షానిది.
- పెద్ద తరగతిలో, తక్కువ మాటలతో, పిల్లల మధ్య తేడాలను సర్దుకోవడంలో: ఏర్పాటు పక్షానిది.
- బిడియస్తులు, కొత్తవారు వెనకబడే ప్రమాదం: ఆట పక్షంలో ఎక్కువ.
- ఖాళీగా నిలబడే సమయం: మెళకువ పక్షంలో ఎక్కువ.
- ఉపాధ్యాయుడిపై ఆధారపడటం: మూడింటిలోనూ ఉంది, ఏర్పాటు పక్షంలో అత్యధికం.

పట్టడం: చిన్నచూపు పడ్డ సగం

ఈ వాదాలన్నింటిలో విసరడానికి దక్కినంత చోటు పట్టడానికి దక్కలేదు. ఆటలో మాత్రం రెండూ సమానమే. మంచి విసురు జారిపోతే ఆ ప్రయత్నం వృథా.

చిన్నపిల్లలు మొదట చేతులు చాచి నిలబడతారు, బంతి వస్తుంటే ముఖం తిప్పుకుంటారు. తర్వాత బంతిని గుండెకు హత్తుకుంటారు. ఆ తర్వాతే వేళ్లతో పట్టడం వస్తుంది. ముఖం తిప్పుకోవడం మొండితనం కాదు, భయం. గట్టి బంతి ఒకసారి ముక్కుకు తగిలితే ఆ భయం నెలల తరబడి పోదు. కాబట్టి పట్టడం నేర్పడంలో మొదటి పని బంతిని మెత్తగా, నెమ్మదిగా మార్చడం. పెద్ద బంతి చిన్నపిల్లలకు ఆపడానికి తేలికే. కానీ హత్తుకునే అలవాటును అది పొడిగిస్తుంది. చిన్న బంతి వేళ్లను పని చేయిస్తుంది. కానీ జారుతుంది. ఏది ముందన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. రెండూ వేర్వేరు రోజుల్లో వాడటమే ఆచరణలో చాలామంది శిక్షకులు కుదుర్చుకున్న రాజీ.

ఫ్లాగ్ ఫుట్‌బాల్ శిక్షకులు పట్టడంలో రెండు ఆకారాలు చెబుతారు. బంతి ఛాతీ పైన వస్తే బొటనవేళ్లు, చూపుడువేళ్లు దగ్గరకు చేర్చి వజ్రాకారం. నడుము కింద వస్తే చిటికెన వేళ్లు కలిపి దోసిలి. ఆ ఆకారాలు రెండు రోజుల్లో వస్తాయి. కష్టమంతా బంతి ఒంటికి దూరంగా, పక్కగా, వెనక నుంచి వచ్చినప్పుడు. నేరుగా ఒంటి మీదికి వచ్చే బంతిని పట్టగల పిల్లలు, పక్కకు పోయే బంతి దగ్గర మళ్లీ చిన్నపిల్లల తీరుకు జారిపోతారు. ఎదురెదురుగా నిలబడి పట్టించే పాఠం ఈ లోటును కప్పిపెడుతుంది, తీర్చదు. కదులుతూ పట్టడాన్ని మొదటి నెలలోనే, నడకతో మొదలుపెట్టి, తేవడం మేలని ఈ పరిశీలన సూచిస్తోంది.

అమ్మాయిల మాట

1985లో జెర్రీ థామస్, కారెన్ ఫ్రెంచ్ 64 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. బాల్యంలో అబ్బాయిలు, అమ్మాయిల మధ్య అన్ని కదలికల్లోకీ విసరడంలోనే అత్యంత పెద్ద తేడా కనిపించింది. అది బడిలో చేరకముందే ఉంది. శరీరమే కారణమన్న వాదనకు ఇది బలమైన ఆధారమైంది. 2010లో అదే థామస్ బృందం ఆస్ట్రేలియా ఆదివాసీ పిల్లలను పరిశీలించింది. వేటలో విసరడం ఆడామగా ఇద్దరి సంస్కృతిలోనూ భాగమైన ఆ సమాజంలో తేడా ఉంది, కానీ అమెరికా పిల్లల్లో కంటే తక్కువ. అంటే అవకాశం తేడాను తగ్గిస్తుంది. పూర్తిగా చెరిపేస్తుందా అన్నది తేలలేదు.

ఉపాధ్యాయుడికి ఆ తేలని భాగంతో పని లేదు. తగ్గించగలిగినంత తగ్గించడమే అతని చేతిలో ఉంది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన నిఖత్ జరీన్ 2022, 2023లలో ప్రపంచ బాక్సింగ్ విజేత. భద్రాచలం నుంచి వచ్చిన గొంగడి త్రిష 2025 అండర్-19 మహిళల టి20 ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణి. ప్రతిభ ఉందా లేదా అన్న ప్రశ్నకు వారు ఎప్పుడో జవాబిచ్చారు. మిగిలింది, ఐదో తరగతి ఆడపిల్లకు గేమ్స్ పీరియడ్‌లో బంతి ఎన్నిసార్లు దొరుకుతుందన్న ప్రశ్న. అచ్చనగండ్లలో మెలిగిన వేళ్లకు పట్టడంలో మొదటి అడుగు ముందే పడి ఉంది. భుజం మీదుగా బలంగా విసిరే అవకాశమే వారికి దక్కలేదు. విడిగా అమ్మాయిల జట్లు పెట్టాలా, కలిపి ఆడించాలా అన్నదానిపై కూడా రెండు అభిప్రాయాలున్నాయి. విడిగా ఉంటే వారికి బంతి అందే సంఖ్య పెరుగుతుంది. కలిపి ఆడితే వేగమైన విసురు పట్టడం అలవాటవుతుంది. మొదట విడిగా, నైపుణ్యం కుదిరాక కలిపి అన్న క్రమం ఈ రెండింటినీ కలుపుతుంది.

ఎంత సరిదిద్దాలి, ఎంత విసరాలి

పెద్దలపై జరిగిన పరిశోధనల్లో, ప్రతి ప్రయత్నానికీ ఫలితం చెప్పకుండా అప్పుడప్పుడు చెబితేనే నేర్పు నిలుస్తుందని 1990లో విన్‌స్టైన్, ష్మిట్ చూపించారు. ఆ సూత్రాన్ని పిల్లలకూ వర్తింపజేయడం మొదలైంది. 2008లో సలివన్, కంటక్, బర్ట్‌నర్ చేసిన అధ్యయనం దీన్ని తలకిందులు చేసింది. సూచనలు తగ్గించినప్పుడు పిల్లలు వెనకబడ్డారు. పిల్లలకు మొదట్లో ఎక్కువ సూచన కావాలి, క్రమంగా తగ్గించాలి. సాధనను కలగలపడంలోనూ ఇంతే. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మొదట ఒకే రకం సాధన, తర్వాత కలగలుపు మేలని పలు ఫలితాలు చెబుతున్నాయి. పెద్దల మీద తేలిన నియమాన్ని పిల్లల మీదికి యథాతథంగా దించకూడదన్నది ఈ చర్చలో స్పష్టమైన పాఠం.

చేతి భద్రత మరో అంశం. ఎదిగే ఎముకల చివర్లలో మెత్తటి ఎదుగుదల పొర ఉంటుంది. విశ్రాంతి లేకుండా పదే పదే బలంగా విసిరితే అది దెబ్బతింటుంది. అందుకే అమెరికా బేస్‌బాల్‌లో 2014లో వచ్చిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాలు వయసును బట్టి రోజువారీ హద్దులు పెట్టాయి. ఏడెనిమిదేళ్లకు 50, తొమ్మిది పదేళ్లకు 75, పదకొండు పన్నెండేళ్లకు 85 పిచ్‌లు. అవి పూర్తి బలంతో వేసే విసుర్లకు. పది గజాల దూరానికి మెల్లగా విసిరే పాఠానికి అవే అంకెలు వర్తించవు. కానీ భుజం నొప్పి అన్న పిల్లలను ఆపడం, బలంగా విసిరిన మర్నాడు విశ్రాంతి ఇవ్వడం అన్న నియమాలు ఇక్కడా అవసరమే.

మద్నూర్ లాంటి చోట లెక్క

2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. ఆట సామగ్రి తరగతికి అవసరమైనంత ఉండాలంది. వందమందికి పైగా పిల్లలున్న ప్రాథమికోన్నత బడిలో ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంది. సమగ్ర శిక్ష కింద ఆట సామగ్రికి ఏటా ప్రాథమిక బడికి 5,000, ప్రాథమికోన్నత బడికి 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు నిధి ఏర్పాటైంది. 2022 జూన్ 2న తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాల పథకం మొదలుపెట్టింది. కాగితం మీద ఆధారం గట్టిదే. నేల మీద వానాకాలంలో నల్లరేగడి బంక మట్టి, వేసవిలో ఒంటిపూట బడి, ఏడాది పొడవునా ఒకే పీఈటీ సారుకు ఎన్నో తరగతులు. ఈ హద్దుల మధ్యే మూడు పక్షాలూ తమను తాము నిరూపించుకోవాలి.

ఒక చిన్న గణితం చేద్దాం. నలభై నిమిషాల పీరియడ్, నలభై మంది పిల్లలు, ఒక్క బంతి. ఒక్కో వంతుకు పదిహేను సెకన్లు పట్టినా మొత్తం 160 వంతులు. పిల్లకు నాలుగు విసుర్లు. అదే నలభై మందిని ఇరవై జంటలుగా చేసి జంటకో వస్తువు ఇద్దాం. పది నిమిషాలు సర్దుకోవడానికి పోయినా, పది సెకన్లకో విసురు చొప్పున అరగంటలో జంటకు 180, పిల్లకు 90 విసుర్లు, 90 పట్లు. బంతుల సంఖ్య పెంచి, జంటలుగా చేసినందుకే నేర్చుకునే అవకాశం ఇరవై రెట్లకు పైగా పెరిగింది. ఏ సిద్ధాంతమూ ఇంత తేడా తేలేదు.

ఇరవై కోల బంతులు కొనాల్సిన పని లేదు. పాత గుడ్డలు చుట్టి కుట్టిన బంతి, చింతగింజలు నింపిన సంచి, పాత టెన్నిస్ బంతి మొదటి నెలకు చాలు. చింతగింజల సంచి దొర్లిపోదు, దెబ్బ తగలదు, భయం ఉండదు. నాలుగైదు చిన్న కోల బంతులను జట్ల మధ్య తిప్పితే స్పైరల్ పాఠం కూడా సాగుతుంది. వాననాడు వరండాలో దగ్గర దూరంలో పట్టడం నేర్పవచ్చు. మాటల విషయంలో పలు భాషల తరగతికి మూడోదైన ఏర్పాటు పక్షం ఎక్కువ ఉపయోగపడుతుంది. గోడమీది గుర్తు, నేలమీది గీత, తాడు ఎత్తు ఏ భాష పిల్లలకైనా ఒకేలా అర్థమవుతాయి.

తేలినవి, తేలనివి

తేలినవి:

- విసరడం వయసుతోనే పూర్తిగా పండదు. నేర్పాలి, సాధన కావాలి.
- బంతి, దూరం పిల్లల చేతికి, భయానికి తగ్గట్టు మారాలి.
- దూరాలు, గురులు మారుస్తూ చేసిన సాధన ఒకే చోట చేసినదాని కంటే నిలుస్తుంది. కొత్తవారికి ఆ మార్పు మెల్లగా రావాలి.
- పిల్లలకు మొదట్లో సూచన ఎక్కువ కావాలి. ఒక్కసారికి ఒక్క సూచన.
- విసరడం, పట్టడం వచ్చిన పిల్లలు కౌమారంలోనూ చురుగ్గా ఉంటారన్నదానికి ఆధారాలున్నాయి. ఆస్ట్రేలియాలో బార్నెట్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం వాటిలో ముఖ్యమైనది.

తేలనివి:

- కోల బంతిని ఏ వయసులో చేతికివ్వాలి? గుండ్రటి బంతితో ఎన్ని నెలలు ఆగాలి?
- పిల్లల్లో ఒంటి మీద దృష్టి మేలా, ఫలితం మీద దృష్టి మేలా?
- అబ్బాయిలు, అమ్మాయిల మధ్య తేడాలో అవకాశం వాటా ఎంత?
- ఫ్లాగ్ ఫుట్‌బాల్ విసురుకు పిల్లల భుజానికి తగ్గ రోజువారీ హద్దు ఎంత?
- ఏడు పెంకులాట, వడిసెల, అచ్చనగండ్లలో పెరిగిన చేతులకు ఈ నేర్పు ఎంత త్వరగా వస్తుంది? ఇది తెలుగు బడులే తేల్చగల ప్రశ్న.

ముగింపు

మూడు పక్షాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వాటి మధ్య పోటీ కంటే వరుస కనిపిస్తుంది. మొదటి రోజుల్లో కొద్దిపాటి మెళకువ, తర్వాత మారుతూ పోయే ఏర్పాట్లు, ఆ వెంటనే చిన్న ఆటలు. ఏ పక్షమూ ఒంటరిగా నిలవదు, ఏదీ పూర్తిగా తప్పు కాదు. అయితే మూడూ ఒకే షరతు మీద ఆధారపడ్డాయి. పిల్లల చేతికి బంతి వచ్చి ఉండాలి. ఆ షరతు నెరవేరని చోట మెళకువ ముందా ఆట ముందా అన్న వాదానికి అర్థమే లేదు.

కాబట్టి మద్నూర్ మండలంలో గానీ, ఆ మాటకొస్తే ఏ మండలంలో గానీ ఈ ఆటను మొదలుపెట్టే బడి ముందుగా ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. ప్రతి వారం ప్రతి పిల్లా ఎన్నిసార్లు విసిరింది, ఎన్నిసార్లు పట్టింది, అందులో ఆడపిల్లల వాటా ఎంత అన్నది రాయాలి. నెలకోసారి అదే గురికి, అదే దూరం నుంచి పది విసుర్లు వేయించి ఫలితం పక్కన రాయాలి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. పిల్లల్లోనే ఇద్దరు లెక్క పెట్టగలరు. అలాంటి నోటుబుక్కులు నాలుగైదు బడుల్లో రెండేళ్లు నిండితే, పైన తేలనివని రాసిన ప్రశ్నల్లో కొన్నింటికి మన నేల మీద పుట్టిన జవాబులు దొరుకుతాయి. 2028లో ఎవరు పతకం గెలిచినా, అప్పటికి మన ఐదో తరగతి పిల్లలు పది గజాల దూరానికి భయం లేకుండా విసిరి, భయం లేకుండా పట్టగలిగితే ఈ చర్చకు సార్థకత దక్కినట్టే.